క్యారేజీ గారి తేజస్సు

మల్లెపూడి పురపాలక సంఘంలో పాత సామానుకు చెదలు పట్టడం కొత్త కాదు. ఒక ఫొటోకు పట్టకపోవడమే ఆ ఏడాది జరిగిన అనర్థం.

రికార్డు గది గోడ బీటలు తీసిందని సామాను వరండాలోకి మోయిస్తుంటే, అటెండరు అప్పాయమ్మకు అన్నిటికంటే అడుగున అద్దం బిగించిన ఫొటో ఒకటి దొరికింది. రీలు కెమెరాల కాలం నాటి గ్రూపు ఫొటో. మధ్య కుర్చీలో అప్పటి కమిషనరు రంగనాయకులు గారు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆయనది నున్నటి బట్టతల. ఫొటో తీసింది మిట్టమధ్యాహ్నం. ఆ తల చుట్టూ కాలిన పెనం అంచులాగా ఎర్రెర్రగా, మసకమసకగా ఒక వెలుగు కమ్ముకుని ఉంది.

అప్పాయమ్మ మరక అనుకుని కొంగుతో తుడిచింది. పోలేదు. ఉమ్మి తడి చేసి తుడిచింది. అయినా పోలేదు. అప్పుడు దాన్ని తీసుకెళ్లి కమిషనరు గారి బల్ల మీద పెట్టింది.

సరిగ్గా ఆ సమయానికి కమిషనరు మార్తాండరావు గారు కలం మూత తీసి, జూనియర్ అసిస్టెంటు సత్యవేణి బదిలీ కాగితం మీద సంతకం పెట్టబోతున్నారు. సత్యవేణి ఎదురుగా నిలబడి ఆ కలం వంకే చూస్తోంది. ఆమెది గోదావరి అవతలి గట్టున తాటిరేవు. భర్త అక్కడ కొబ్బరి పీచు మిల్లులో పని చేస్తాడు. నాలుగేళ్ల కూతురు పావని నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. సత్యవేణి మల్లెపూడిలో గది అద్దెకు తీసుకుని ఉంటూ, శనివారం సాయంత్రం పంటు ఎక్కి గోదావరి దాటి వెళ్లి, సోమవారం పొద్దున్నే తిరిగి వస్తుంది. అందువల్ల అమ్మ అనేది ఆదివారాలు వచ్చే వస్తువని పావని అభిప్రాయం. తాటిరేవులోనూ ఒక పురపాలక సంఘం ఉంది. అక్కడ జూనియర్ అసిస్టెంటు కుర్చీ ఖాళీగా ఉంది. కావలసిందల్లా ఒక్క సంతకం.

మార్తాండరావు గారు ఫొటో చూశారు. కలానికి మూత పెట్టేశారు.

చాలాసేపు చూసి, గోడకు తగిలించిన తన ఫొటో దింపించి పక్కన పెట్టుకున్నారు. అది ఈ మధ్యనే ఫోనుతో తీసింది. అందులో ఆయన చెవులు, ముక్కు, చొక్కా బొత్తాలు ఎక్కడివక్కడ స్పష్టంగా ఉన్నాయి. వెలుగు మాత్రం ఎక్కడా లేదు.

"సార్, ఆ సంతకం" అంది సత్యవేణి. ఆమె గొంతు ఎప్పుడూ అంతే. పక్కవాళ్లకు వినపడితే అదే పెద్ద మాట.

"ఆగమ్మా. ఇక్కడ చరిత్ర నడుస్తోంది" అన్నారు మార్తాండరావు గారు. సూర్యకాంతి స్టూడియో లింగాన్ని పిలవమన్నారు.

లింగం వచ్చి ఫొటోను వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇదా అండి. ఇది పాత రీళ్లలో మామూలేనండి. బాగా మెరిసేదాని వెలుగు రీలు మీద పడిందనుకోండి, అది రీలు దాటిపోయి వెనకాలకి తగిలి తిరిగొస్తదండి. వచ్చేటప్పుడు చుట్టుపక్కలకి చిమ్ముద్ది. మంచి రీలైతే వెనకాల నల్లపూత ఉండి దాన్ని మింగేస్తదండి. చౌక రీలుకి ఆ పూత సరిగ్గా ఉండదు."

"మరి పక్కనున్న గుమాస్తాకి ఎందుకు చిమ్మలేదు?"

"ఆయనకి జుట్టుందండి."

మార్తాండరావు గారు జాలిగా నవ్వారు. "లింగం, నువ్వు చెప్పింది భౌతిక కారణం. నేనడుగుతున్నది పరిపాలనా కారణం."

లింగం ఆలోచించాడు. జనం చేతికి ఫోన్లు వచ్చాక సూర్యకాంతి స్టూడియోలో జిరాక్సులు తప్ప ఏమీ నడవడం లేదు. "పరిపాలనా కారణం నాకు తెలీదండి. అలాంటి రీళ్లు మాత్రం మా అటక మీద ఒక పెట్టెడున్నాయండి" అన్నాడు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. మేనేజరు పేర్రాజు గారు సిబ్బందినందరినీ వరండాలో నిలబెట్టి చదివారు. ఆయన నిబంధనలంటే ప్రాణం పెట్టే మనిషి. ఇంట్లో కూడా పప్పులో ఉప్పు తక్కువైతే ఏ పేరా ప్రకారం తగ్గించారని అడుగుతారని చెప్పుకుంటారు.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, ప్రజాసేవలో నిమగ్నమైన ఉద్యోగి నుండి వెలువడు కాంతిని ఇకమీదట తేజస్సు అనియు, దాని అడ్డుకొలతను తేజోవ్యాసము అనియు వ్యవహరించవలెను. ప్రతివారును రీలు కెమెరా ఎదుట తమ తేజస్సును నిరూపించుకొనవలెను. తేజోవ్యాసమును బట్టియే కార్యాలయమున జ్యేష్ఠత నిర్ణయింపబడును. చిత్రమునందు అన్నిటికన్న అధిక తేజోవ్యాసము గలది కార్యాలయమునకు అధిపతిగా వ్యవహరించును. తేజస్సు శూన్యమైన వారిని పదోన్నతికి గాని బదిలీకి గాని పంపరాదు. అట్టివారిని పొరుగు సంఘములకు పంపుట మల్లెపూడి ప్రతిష్ఠకు భంగకరము."

చివరి వాక్యం దగ్గర సత్యవేణి గోదావరి వైపు చూసింది.

అధిపతి అన్న మాట మార్తాండరావు గారు తన్ను ఉద్దేశించే రాసుకున్నారు. ఆయనకు నుదురు విశాలం. పైగా ఉత్తర్వు రాసే ముందు రాత్రి లింగం చేత రహస్యంగా ఒక ఫొటో తీయించుకుని, నుదుటి మీద రూపాయి బిళ్లంత వెలుగు వచ్చిందని రూఢి చేసుకున్నారు.

మేడ మీద ఎండలో ఫొటోలు మొదలయ్యాయి. కొలవడానికి పేర్రాజు గారు తన మనవడి జామెట్రీ బాక్సు తెచ్చారు. ఆ వారం ఊళ్లో కొబ్బరినూనె దొరకలేదు. శానిటరీ ఇన్‌స్పెక్టరు నూనె రాసుకుని రాసుకుని కుర్చీలో నిలవలేక జారిపోయాడు. అకౌంటెంటుకు హఠాత్తుగా తీర్చని మొక్కు ఒకటి గుర్తొచ్చి, కొండకు పోయి నున్నగా గుండు చేయించుకొచ్చి, నిమ్మకాయంత తేజస్సు సంపాదించి తన పైవాళ్లు ముగ్గురిని దాటిపోయాడు. పన్నుల విభాగంలో ఒకాయన తల మీద చెంబెడు నీళ్లు పోసుకుని కూర్చున్నాడు. తేజస్సు వచ్చింది, జ్వరమూ వచ్చింది.

సత్యవేణిది నల్లటి ఒత్తయిన జుట్టు. ఎంత నూనె పెట్టినా తాగేసి మళ్లీ అడిగే రకం. పైగా కెమెరా చూస్తే ఆమె తల దించుకుంటుంది. ఫొటోలో ఆమె ఉన్నచోట చీకటి తప్ప ఏమీ లేదు.

నోటీసు బోర్డు మీద ఆమె పేరుకు ఎదురుగా శూన్యం అని రాశారు.

"నాకు ముక్కుపుడక దగ్గర ఆవగింజంత వచ్చిందంట" అంది అప్పాయమ్మ, బల్లకు చేరబడి. "అంటే ఇప్పుడు నేను నీ పైదాన్ని. లేచి మంచినీళ్లు తే."

సత్యవేణి లేచి తెచ్చింది.

"ఓసి పిచ్చిదానా, నిజంగా తెచ్చావేటి" అని అప్పాయమ్మ సగం తాగి, మిగతా సగం ఆమెకే ఇచ్చింది. "బదిలీ సంగతేమయింది?"

"తేజస్సు లేదుగా అక్కా. శూన్యాలని పంపరంట."

"నువ్వు శూన్యమా. మరి ఆఫీసులో ఉత్తరాలన్నీ ఎవరు రాస్తన్నారంట?"

దానికి పరిపాలనా కారణం సత్యవేణికీ తెలియదు.

మార్తాండరావు గారు ఉత్తర్వు నకలును ప్రాంతీయ డైరెక్టరు గారికి పంపారు. ఆయన దగ్గర్నుంచి వెంటనే అభినందన వచ్చింది. "మల్లెపూడి మార్గదర్శకము. ఇట్టి నిబంధనను పెట్టినవారు సైతం సడలించుటకు వీలులేదని దృఢపరచుచున్నాను. సిబ్బంది సామూహిక తేజస్సును చూపు గ్రూపు ఫొటో నొకదానిని పంపవలెను."

గ్రూపు ఫొటోకు సోమవారం ముహూర్తం పెట్టారు. ఆ రోజు పంటు ఆలస్యమైంది. సత్యవేణి గదికి వెళ్లకుండా, చేతిలో మధ్యాహ్నపు అన్నం క్యారేజీతో సరాసరి ఆఫీసుకు పరుగెత్తింది. అది నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. ముందు రోజు ఆమె అత్తగారు చింతపండూ బూడిదా వేసి, కొబ్బరి పీచుతో తోమి తోమి అద్దంలా చేసింది. మేడ మీదికి వెళ్లేసరికి అందరూ వరసల్లో సర్దుకుని ఉన్నారు. శూన్యాలది వెనక వరస చివర.

"ఆ క్యారేజీ ఏంటమ్మా చేతిలో" అన్నారు పేర్రాజు గారు. "వెనక నిలబడి ఎత్తుకుంటావా దాన్ని?"

"పిట్టగోడ మీద పెట్టనా అండి?"

"కాకులు తన్నేస్తాయి" అన్నాడు లింగం కెమెరా వెనక నుంచి.

"శూన్యం వాళ్లతో ఇదొక తలనొప్పి. ఇటివ్వు" అని పేర్రాజు గారు దాన్ని లాక్కుని, కమిషనరు గారి కుర్చీ పక్కన పూలకుండీ కోసం వేసిన ఎత్తు స్టూలు మీద పెట్టారు. ఎండ నిట్టనిలువునా పడుతోంది. లింగం నొక్కాడు.

ఫొటో కడిగి తెచ్చాక అందరూ బల్ల చుట్టూ మూగారు.

క్యారేజీ వెలిగింది. అలా ఇలా కాదు. అన్నం కంచమంత వెలుగు ఎర్రగా పొంగి, స్టూలు దాటి, కుర్చీ చెయ్యి దాటి, కమిషనరు గారి మీదికి పాకింది. ఆయన ముఖం ఉండవలసిన చోట కుడివైపు మీసం కొస ఒకటి మిగిలింది.

"నేనేడీ?" అన్నారు మార్తాండరావు గారు.

"మీరు అందులో ఉన్నారండి" అని లింగం వెలుగు మధ్యలో వేలు పెట్టి చూపించాడు.

"ఇది సాంకేతిక లోపం."

"లోపమేనండి. రంగనాయకులు గారిది కూడా ఇదే లోపమండి."

పేర్రాజు గారు మాట్లాడకుండా స్కేలు తీసి అడ్డంగా కొలిచారు. ఉత్తర్వు తీసి చదువుకున్నారు. మళ్లీ కొలిచారు. తరువాత కళ్లజోడు తుడుచుకుని లేచి నిలబడ్డారు. "సార్, అధిక తేజోవ్యాసం గలది అధిపతి అని తమరే సెలవిచ్చారు. మనిషే అయ్యుండాలని ఏ పేరాలోనూ లేదండి."

"పేర్రాజూ, అది అన్నం క్యారేజీ."

"తమరు కాదనమంటే కాదంటానండి. కానీ పెట్టినవారు సైతం సడలించరాదని డైరెక్టరు గారి ఉత్తరం ఉందండి. రేపు ఆయన అడిగితే నేనేం చెప్పను?"

మార్తాండరావు గారు తన ఉత్తర్వును తానే పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. ఎక్కడా సందు దొరకలేదు. అంత గట్టిగా రాసినందుకు ఒక పక్క గర్వం, ఒక పక్క ఏడుపు కలిగాయి. "సరే. నేను తేజస్సంపాదనార్థం సెలవు పెడుతున్నాను" అన్నారు. మర్నాటినుంచి ఆయన తన మేడ మీద బనీనుతో ఎండలో కూర్చోవడం ఊరంతా చూసింది.

క్యారేజీ ఇన్‌చార్జి కమిషనరుగా బాధ్యతలు స్వీకరించింది. కుర్చీ మీద మెత్త, మెత్త మీద తువ్వాలు, తువ్వాలు మీద క్యారేజీ. బయట బల్ల మీద అప్పాయమ్మ. లోపలికి ఎవరు వచ్చినా చెప్పులు విడవాల్సిందే.

మొదట్లో జనం నవ్వారు. రెండు మూడు రోజుల్లో నవ్వు తగ్గింది. కొత్త కమిషనరు గారు వచ్చినవాళ్ల మాట మధ్యలో తుంచరు, ఫోను చూడరు, మీటింగుందని లేచిపోరు. కాలవ విషయంలో పదేళ్లుగా కొట్టుకుంటున్న ఇద్దరు ఇరుగుపొరుగులు ఆయన ఎదుట నిలబడి పొద్దున్నించీ అరిచి, అరిచి, ఎవరూ ఏమీ అనకపోయేసరికి అలిసిపోయి, వాళ్లలో వాళ్లే రాజీ పడి, దణ్ణం పెట్టి వెళ్లారు.

"మా మాట అడ్డురాకుండా విన్న ఆఫీసరు ఇన్నాళ్లకి ఈయనొక్కరే" అన్నాడు అందులో ఒకడు.

ఫైళ్ల సంగతి పేర్రాజు గారే తేల్చారు. అధికారి ఎదుట ఫైలు పెట్టి, సాయంత్రం లోపల ఆక్షేపణ ఏదీ రాకపోతే సమ్మతించినట్టే అని పాత నిబంధన ఒకటి ఉంది. క్యారేజీ దేనికీ ఆక్షేపించలేదు. ఏళ్లుగా కదలని వీధిదీపాలు వెలిగాయి. సంతపేటలో గుంటలు పూడ్చారు. ఒక కంట్రాక్టరు మాత్రం పాత అలవాటు కొద్దీ పూతరేకుల పొట్లం తెచ్చి, ఎవరూ చూడకుండా పై గిన్నెలో పెట్టి మూత వేసి పోయాడు. సాయంత్రం అది బయటపడితే, లంచం తీసుకున్నట్టు రాయాలా వద్దా అని పేర్రాజు గారు తల పట్టుకున్నారు.

"తినలేదు కదండి, ఊరకే లోపల పెట్టుకున్నారు" అని అప్పాయమ్మ వాటిని తినేసి ఆ సమస్య తీర్చింది.

ఊరు బాగుంది. బాగులేనిది సత్యవేణే. క్యారేజీ ఆమెది కాబట్టి ఆమెను అధికారి గారి క్యాంపు క్లర్కుగా వేశారు. పని ఒకటే. అధికారి తేజస్సు తగ్గకుండా రోజూ పొద్దున్నే చింతపండుతో తోమాలి. ఆదివారం కూడా. స్టీలుకు ఆదివారం సెలవని ఎక్కడా లేదని పేర్రాజు గారు స్పష్టం చేశారు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఆమెకు గిన్నె కూడా లేదు. అధికారిని తెరవాలంటే అనుమతి కావాలి, అనుమతి ఇవ్వవలసింది అధికారే. అప్పాయమ్మ తన అన్నంలో సగం విస్తరాకులో పెట్టి ఇచ్చేది.

ఒక ఆదివారం గడిచింది. రెండో ఆదివారమూ గడిచింది. ఫోను చేస్తే పావని మాట్లాడలేదు. "దానికి కోపం వచ్చిందే. ఆదివారాలు కూడా రావటం మానేశావని పొద్దుటినుంచీ గుమ్మంలో కూర్చుంది" అంది అత్తగారు.

మర్నాడు సత్యవేణి తన బదిలీ అర్జీ తీసుకెళ్లి క్యారేజీ ముందు పెట్టింది. సాయంత్రం దాకా అక్కడే నిలబడింది. క్యారేజీ ఎప్పటిలాగే ఏమీ ఆక్షేపించలేదు.

"కుదరదమ్మా" అన్నారు పేర్రాజు గారు. "నువ్వు శూన్యం. శూన్యం అర్జీని అధికారి సమ్మతించినా చెల్లదు. పైగా నువ్వు పోతే అధికారిని తోమేదెవరు?"

"నా క్యారేజీయే కదండి అది. పట్టుకుపోతాను."

"కమిషనర్ని ఎత్తుకుపోతావా? తెలిసే మాట్లాడుతున్నావా?"

ఇంతలో డైరెక్టరు గారి కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. మల్లెపూడిలో ఒక్క ఫైలైనా పెండింగులో లేదని ఆయనకు తెలిసి, అక్కడ ఎవరున్నారని విచారించకుండానే ముగ్ధులయ్యారు. "తాటిరేవు సంఘమున పనులు కుంటుపడియున్నందున, మల్లెపూడి ఇన్‌చార్జి కమిషనరు వారిని అచ్చటికి బదిలీ చేయడమైనది. మంగళవారము నాడు వీడ్కోలు ఫొటో తీయించి, ఆ ఫొటో ప్రకారము అధిపతి ఎవరో నిర్ధారించుకొని, వారిని సకల మర్యాదలతో జీపులో పంపవలెను."

సత్యవేణి ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చదివింది. ఆమె అడిగిన ఊరే. ఆమె క్యారేజీకి ఇచ్చారు.

"పెట్టి పుట్టింది నీ క్యారేజీ" అంది అప్పాయమ్మ. "రేపు దర్జాగా జీపులో ఎక్కి మీ వీధిలోంచే పోద్ది. మీ అత్త చూసిందంటే, మా క్యారేజీ వచ్చింది, కోడలేదని అడుగుద్ది."

సత్యవేణి నవ్వలేదు. నేరుగా పేర్రాజు గారి బల్ల దగ్గరికి వెళ్లింది. "ఏవండీ, ఇందులో ఎవరి పేరూ లేదేంటండి?"

"పేరెందుకమ్మా. ఇన్‌చార్జి అన్నారు. ఫొటోలో ఎవరికి తేజస్సు ఎక్కువుంటే వాళ్లే ఇన్‌చార్జి. క్యారేజీ కాకపోతే ఇంకొకరు. నిబంధనకి మొహమాటాలుండవు."

ఆమె చాలాసేపు అక్కడే నిలబడి, సరేనండి అని వచ్చేసింది.

మంగళవారం పొద్దున ఆమె ఆఫీసులో మామూలుగానే అధికారిని తోమింది. గిన్నెల జోలికి పోలేదు. మూతను మాత్రం తోమింది. చేతులు నొప్పి పుట్టేదాకా తోమి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ తోమింది. అప్పాయమ్మ వచ్చేసరికి సత్యవేణి ఆ మూతను తల వెనక పెట్టుకుని, అద్దంలో చూసుకుంటూ, ముడిలో బిగించడానికి అవస్థ పడుతోంది.

అప్పాయమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మాయ్. అది ఆఫీసరు గారి మూత."

"నా క్యారేజీ అక్కా. నా మూత. నా తల" అంది సత్యవేణి. ఆ ఒక్కసారి ఆమె గొంతు పక్కింటికి కూడా వినపడింది.

అప్పాయమ్మ లోపలికి వచ్చింది. నాలుగు సవరం పిన్నులు నోట్లో పెట్టుకుని వెనక నిలబడి, మూతను నిలువుగా నిలబెట్టి, కదలకుండా బిగించి, కింద అంచు కనపడకుండా మల్లెపూల చెండు చుట్టింది. "తల దించకు. దించావో, కథ కంచికెళ్లిపోద్ది."

మేడ మీద వీడ్కోలు ఫొటోకు అంతా సిద్ధంగా ఉంది. మార్తాండరావు గారు సెలవు ముగించుకుని వచ్చారు. నున్నటి గుండు, దాని మీద నెయ్యి. ముందు వరసలో, మధ్య కుర్చీకి పక్కన కూర్చున్నారు. మధ్య కుర్చీలో క్యారేజీని పెట్టారు. దాని మెడలో పూలదండ, నెత్తిన తుండుగుడ్డ.

"గుడ్డ ఎందుకమ్మా?" అన్నారు పేర్రాజు గారు.

"రాత్రి చలికి బయట ఉండిపోయారండి. జలుబు చేసినట్టుంది" అంది సత్యవేణి.

పేర్రాజు గారికి అధికారుల ఆరోగ్యం గురించి మాట్లాడే అలవాటు లేదు.

సత్యవేణి వెనక వరస చివర నిలబడింది. లింగం కెమెరాలోకి చూసి, తల పైకెత్తి, మళ్లీ చూశాడు. ఆమె వంక ఒక్క క్షణం నిదానించాడు. అతను ఒక్క మాటంటే అంతా అయిపోతుంది.

"చివరమ్మాయ్" అన్నాడు లింగం. "తల కాస్త ఎడమకి తిప్పండి. ఎండ సరిగ్గా తగలట్లేదు."

ఆమె తిప్పింది. జీవితంలో మొదటిసారి కెమెరా ముందు తల ఎత్తి నిలబడింది.

మధ్యాహ్నానికి ఫొటో వచ్చింది. క్యారేజీ గుడ్డ కింద చిన్నబోయి ఉంది. మార్తాండరావు గారికి బత్తాయి కాయంత వెలుగు వచ్చింది. కానీ అందరి చూపూ వెనక వరస చివరికి పోయింది. అక్కడ సత్యవేణి తల వెనక, గుళ్లో అమ్మవారికి మల్లే, పెద్ద ఎర్రటి వెలుగు గుండ్రంగా లేచి, పక్కనున్న ముగ్గురు ఉద్యోగులను తుడిచిపెట్టేసింది.

పేర్రాజు గారు కొలిచారు. స్కేలు చాల్లేదు. రెండో స్కేలు తెప్పించి దానికి ఆనించి కొలిచారు. చొక్కా సర్దుకున్నారు. ఉదయం దాకా తాను శూన్యమన్న అమ్మాయి ఎదుట రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డారు.

"ఇన్‌చార్జి కమిషనరు గారూ, జీపు సిద్ధంగా ఉందండి. తమరు తాటిరేవుకి దయచేయాలండి."

"మరి క్యారేజీ?" అంది సత్యవేణి మెల్లగా.

"పదవి పోయాక అది మామూలు క్యారేజీయేనండి. తమ సొంత సామాను. తమతో తీసుకెళ్లొచ్చండి."

మార్తాండరావు గారు ఆమెను జీపు దాకా సాగనంపారు. నెయ్యి కరిగి చెవుల మీదికి కారుతోంది. "అమ్మా, నేనింత ఎండలో కూర్చున్నాను. ఇంత తేజస్సు నీకెలా వచ్చింది?"

"పొద్దున్నే తోముకున్నానండి" అంది ఆమె.

ఆయన ఆ మాటను లోతుగా ఆలోచిస్తూ లోపలికి వెళ్లారు. ఆయన తిరిగి కుర్చీ ఎక్కుతారనే అందరూ అనుకున్నారు. కానీ ఆమె వెళ్లిపోయాక మిగిలిన వెలుగుల్లో పెద్దది ఏదని పేర్రాజు గారు ఫొటోను మళ్లీ కొలిస్తే, అది వెనక నీళ్ల ట్యాంకుకున్న ఇత్తడి కుళాయిదని తేలింది. ఆ సాయంత్రమే కుళాయి బాధ్యతలు స్వీకరించింది. అది రాత్రింబవళ్లు కారుతుందని కొందరు ఆక్షేపించారు గాని, పేర్రాజు గారు దాన్ని నిరంతర సేవగా నమోదు చేశారు.

తాటిరేవులో కమిషనరు కుర్చీ ఖాళీగా లేదు. అందులో ఒక పెద్దాయన కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నారు. ఆయన ఉత్తర్వు చదివి, జీపులోంచి దిగిన సత్యవేణిని చూసి, మళ్లీ ఉత్తర్వు చదివి, పక్కన పడేశారు. పైనుంచి వచ్చే కాగితాలను అర్థం చేసుకోవాలనే ఉబలాటం ఆయనకు ఎప్పుడో పోయింది.

"నీకే పని వచ్చమ్మా?"

"జూనియర్ అసిస్టెంటు పనండి."

"అదిగో, ఆ కుర్చీ ఖాళీ. రేపటినుంచి వచ్చి కూర్చో."

ఆమె అక్కడినుంచి నడిచే ఇంటికి వెళ్లింది. గుమ్మంలో పావని కూర్చుని కొబ్బరి ఈనెలతో ఏదో కడుతోంది. తల్లిని చూసి లేవలేదు. అనుమానంగా చూసింది.

"ఇవాళ ఆదివారం కాదు" అంది.

"కాదు. మంగళవారం."

"మళ్లీ ఎప్పుడెళ్తావు?"

"వెళ్లను. ఇక్కడే ఆఫీసు. పొద్దున్న వెళ్తా, సాయంత్రం వస్తా."

పావని లేచి వచ్చి, ఆమె చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక్కి వెళ్లి ఆగింది. "అమ్మా, నీ తలలో మూతుంది."

సత్యవేణి చెయ్యి పెట్టి చూసుకుంది. పంటు మీదా, జీపులోనూ, కొత్త కమిషనరు గారి ఎదుటా అది అలాగే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె అరుగు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. పావని పిన్నులు ఒక్కొక్కటే పీకి, మూతను రెండు చేతులా పట్టుకుని లాగి, అందులో తన ముఖం చూసుకుంది.

"రేపు నన్ను బళ్లో నువ్వే దింపాలి" అంది ముఖం మీంచి చూపు తిప్పకుండానే. "దింపి వెంటనే వెళ్లిపోకు. గేటు దగ్గర కాసేపు నిలబడు. అందరికీ చూపించాలి."

"ఎంతసేపు నిలబడను?"

"అందరూ చూసేదాకా."

సత్యవేణి సరేనంది.